ఎల్లేశాన్ని తీసేస్తే

9 నవంబర్ 1964

పెద్దల బడి పంతులమ్మ రోజూ రెండు ముక్కలైనా రాయమంది. రాయకపోతే నేర్చిన అక్షరాలు వచ్చిన దారినే పోతాయట. పోతే పోనీ అనుకున్నాను. కానీ ఈ వయసులో నా దగ్గరికి వచ్చినవి అవే. మిగతావన్నీ పోయినవే.

ఏం రాయాలో తెలియదు. నాలో ఉన్నది ఫికర్ ఒక్కటే. అదే రాస్తాను.

నా కొడుకు ఎల్లేశం మోకాలు మళ్ళీ వాచింది. పోయిన ఎండాకాలం బొగ్గు బాయిలో, పట్టాల మీద బొగ్గు మోసే టబ్బు తగిలిన మోకాలు. సరోజన ఉప్పు మూట వేడి చేసి కాపడం పెట్టింది. మూట మరీ వేడిగా ఉంది, తోలు ఊడుతుందని చెప్పాను. అత్తా, నువ్వు జర బయట కూసో, నువ్వు చూస్తుంటే ఉప్పుకు గూడ భయమైతున్నది అంది. నా కోడలికి నోరుంది. మంచిదే. నాకు లేకపోయింది.

తేలిక పని ఇవ్వాలని డాక్టరు నోటితో చెప్పాడు. నోటి మాట బాయి దొర చెవికి ఎక్కదు.

11 నవంబర్

పాలకు పోవాలంటే మహమూద్ హోటల్ ముందు నుంచే పోవాలి. వేరే దారి ఉంటే బాగుండు.

అక్కడ పొద్దున లేస్తే ఒకటే ముచ్చట. హైదరాబాద్ స్టేట్ ఉన్న రోజుల్లో మా బాయి తరఫున ఐదుగురు బాస్కెట్‌బాల్ ఆడేవాళ్ళు. పోశం, మొండయ్య, హనుమండ్లు, వెంకటి, మా ఎల్లేశం. దినమంతా తట్టలతో బొగ్గు మోసి, పైకొచ్చి, మొహమైనా కడగకుండా బంతి పట్టేవాళ్ళు. గనులన్నిటి మీద వరసగా మూడేళ్ళు గెలిచారు. కప్పు తెచ్చి దాంట్లో చాయ్ పోసుకుని తాగారు. ఆ కప్పు ఇప్పుడు క్లబ్బులో అద్దాల బీరువాలో ఉంది. బీరువా తాళం ఎవరి దగ్గర ఉందో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు కంపెనీ కొత్త టీము పెట్టింది. హైదరాబాదు నుంచి రహమాన్ అని తాటిచెట్టంత పిల్లగాణ్ణి తెచ్చింది. నాగపూర్ వైపు నుంచి అంబదాస్ అని ఒకణ్ణి తెచ్చింది. రహమాన్ బాయి దిగడు. ఆఫీసులో కుర్చీ ఇచ్చారు. కుర్చీలో కూడా కూర్చోడట, బంతి ఆడితే చాలట. పేపర్లో బొమ్మ పడినవాడట.

హోటల్లో వాదం ఏమిటంటే, ఆ రోజుల్లో రహమాన్ ఉంటే ఎట్లుండేది అని. మూడు గాదు, పది కప్పులు తెస్తుండె అంటాడొకడు. గప్పుడు ఎదురు ఆడినోళ్ళు గట్టోళ్ళు, గీ హీరోలు ఎగిరిపోతుండిరి అంటాడు ఇంకొకడు. సరే, రహమాన్‌ను ఎవని జాగల పెడ్తవురా అని మహమూద్ అడిగాడు. ఇంకెవని జాగల, ఎల్లేశం జాగల, గా పొట్టోడు ఏనాడన్న బంతి బుట్టల ఏసిండా అన్నారు.

నేను పాల చెంబు పట్టుకుని అక్కడే ఉన్నాను. నన్ను చూసి మహమూద్, అవ్వా, చాయ్ తాగిపో అన్నాడు. తాగలేదు.

ఎవరు వాదించినా మా వాణ్ణే తీసేస్తారు. మొండయ్యను ఎవరూ తీసేయరు.

12 నవంబర్

పాలు విరిగినాయి.

15 నవంబర్

మొండయ్య ఇంటికొచ్చాడు. బుట్టలో బంతులన్నీ వేసింది వాడే. పేరంతా వాడిదే. హోటల్ మాట చెప్పి కడుపు మంట తీర్చుకున్నాను. వాడు మంచం మీద కూర్చుని నవ్వాడు. అవ్వా, నన్ను తీసేసి రహమాన్‌ను పెడితే కప్పు వస్తది, పోశాన్ని తీసినా వస్తది, ఎల్లేశాన్ని తీసేస్తే నాకు బంతి ఎవడు ఇస్తడు అన్నాడు. నేను ఏడ ఉంటనో నాకంటే ముందుగాల వీనికే ఎరుక అన్నాడు.

మరి ఆ మాట హోటల్లో చెప్పరాదా అన్నాను. చెప్పిన, ఎవడు వింటడు, చూసేటోని కండ్లు బుట్ట మీద ఉంటయ్ గని బంతి ఏడికెళ్ళి వచ్చిందో చూస్తడా అన్నాడు.

సరోజన చాయ్ ఇచ్చింది. వాడు పోయేటప్పుడు గడప తగిలి తూలాడు. మంచి శకునం కాదు.

20 నవంబర్

ఎల్లేశం షిఫ్టు అయిపోయి నవ్వుకుంటూ వచ్చాడు. వాడు నవ్వితే నాకు భయం.

దీపాల రూములో ఒక జాగ ఖాళీ అయిందట. బాయిలో దిగేవాళ్ళకు టోపీ దీపాలు ఇచ్చి, పైకొచ్చినంక తీసుకునే పని. కిందికి దిగేది లేదు. నెత్తి మీద బండ ఉండదు, రేకుల కప్పు ఉంటుంది. వెల్ఫేర్ సారు చెప్పాడట, ఆ జాగ ఆటగానికి ఇస్తరు అని. కొత్త టీమువాళ్ళు అంబదాస్‌కు కావాలంటున్నారు. వాడింకా టెంపరరీ. మన పాత ఐదుగురూ ఎల్లేశానికి కావాలన్నారు. సారు నవ్వి, లొల్లి ఎందుకు, కొత్త క్లబ్బు తెరిచేనాడు కంపెనీ పెద్ద దొర వస్తున్నడు, ఆయన ముందట పాత టీము కొత్త టీము ఆడుండ్రి, గెలిచినోళ్ళ మనిషికి దీపాల రూము అన్నాడట. మీ హోటల్ పంచాయతీ గూడ తెగుతది అన్నాడట.

సారుకు అది తమాషా.

ఎల్లేశం అన్నం తింటూ, అవ్వా, గెలిస్తే ఇగ నువ్వు నిమ్మలంగ పండుకోవచ్చు అన్నాడు.

22 నవంబర్

నిద్ర లేదు. గెలవకపోతే ఏమిటని ఒక ఫికర్. గెలిచేందుకు ఎగిరితే ఆ మోకాలు ఏమవుతుందని ఇంకో ఫికర్. సారు మాట తప్పితే ఏమిటని మూడోది.

ఎల్లేశం బాపు ముత్తయ్య సంగతి రాయలేదు. పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు. బాయి సైరన్ కూత వేసేది షిఫ్టు మారేటప్పుడే. వేళకు కూస్తే కోడి కూసినట్టే, ఎవరూ తలెత్తరు. ఆ రోజు వేళ కాని వేళ కూసింది. పొయ్యి మీద జొన్న గటుక వదిలేసి పరిగెత్తాను. కాలనీ అంతా పరిగెత్తింది. బాయి మొగదల నిలబడ్డాం. పైకి వచ్చినవాళ్ళల్లో ముత్తయ్య ఉన్నాడా అని ఒక్కొక్క మొహం చూశాను. అన్నీ నల్లటి మొహాలే. ప్రతి మొహమూ ఆయనదే అనిపించింది. ఆయన చివరికి వచ్చాడు, తడక మీద.

కాలనీలో పుట్టిన పిల్లలకు నడక రాకముందే ఈ పరుగు వస్తుంది. వేళ కాని కూత వింటే కాళ్ళు మనల్ని అడగవు.

26 నవంబర్

రహమాన్‌ను దగ్గర నుంచి చూశాను. నాకు నమస్తే పెట్టాడు. గోళ్ళలో బొగ్గు లేదు.

3 డిసెంబర్

పాతవాళ్ళు సాయంత్రాలు ఆడుతున్నారు. పోయి చూశాను. హనుమండ్లుకు పొట్ట వచ్చింది. పోశం దగ్గుతున్నాడు. వెంకటి బంతి కంటే ముందు కింద పడుతున్నాడు. ఐదుగురూ ఒకర్నొకరు ముసలోడా అని తిట్టుకుంటూ నవ్వుతున్నారు. ముప్పై నాలుగేళ్ళవాళ్ళు. బాయి లెక్కల్లో ముసలివాళ్ళే.

కానీ కాసేపయ్యాక ఏదో కుదిరింది. ఎల్లేశం చూడకుండానే బంతి విసిరాడు. అక్కడ ఎవరూ లేరు. అయ్యో అనుకునేలోపు మొండయ్య అక్కడ ఉన్నాడు.

వేములవాడ రాజన్నకు కోడెలను కడతానని మొక్కాను. సరోజనకు చెప్పలేదు. మోకాలికి ఒకటి, దీపాల రూముకు ఒకటి.

పక్కింటి సమ్మవ్వ, నువ్వు గెలిచినా ఏడుస్తవ్, ఓడినా ఏడుస్తవ్, మరెందుకే పరేషాన్ అంది. దానికేం. దాని కొడుకుకు రెండు మోకాళ్ళూ బాగున్నాయి.

12 డిసెంబర్, శనివారం, పొద్దున

ఆట ఈ రోజే. పెద్ద దొరకు ఇవ్వడానికి నిర్మల్ నుంచి రంగుల పళ్ళెం తెప్పించారు. క్లబ్బుకు మామిడాకులు కట్టారు.

సరోజన నన్ను ఇంట్లో ఉండమంది. అత్త గాడ కూసుంటే నాకు ఆట కనబడది, అత్తనే కనబడ్తది అంది. ఎల్లేశం ఆమె మాట కాదన్నాడు. రానియ్యి, ఇంట్ల ఉంటే ఇంకింత బుగులు పడుతది అన్నాడు. నా వైపు తిరిగి, నువ్వు వచ్చి ముందట కూసో అవ్వా, నేను నీ కండ్ల ముందటే ఉంట, బాయిల గాదు, పైన, ఎండల, కండ్లారా చూసుకో అన్నాడు.

మోకాలికి నేనే గుడ్డ చుట్టాను.

అదే రోజు, దీపాలు పెట్టినంక

చెప్పులు లేవు. ఎక్కడ పోయాయో తెలియదు. అరచేతులు గీసుకుపోయాయి, కలం పట్టుకుంటే మండుతోంది. అయినా రాస్తాను.

పెద్ద దొర రాలేదు, రాలేదు అని ఎదురుచూశారు. చివరికి దొర లేకుండానే మొదలుపెట్టారు. మొదట మనవాళ్ళను చూసి అందరూ నవ్వారు. రహమాన్ ఎగిరితే బుట్ట వాడి రొమ్ము దగ్గర ఉంటుంది. బంతి వాడి చేతిలోకి పోయిందంటే అయిపోయినట్టే. హోటల్ బ్యాచ్ అంతా ఒక పక్క కూర్చుని, చూసిన్రా, మేం చెప్పలే అంటోంది.

తర్వాత నవ్వు ఆగింది. ఎల్లేశం కుంటుతున్నాడు. కుంటుతూనే బంతి ఇస్తున్నాడు. వాడు ఇచ్చిన చోటల్లా మనవాడు ఎవడో ఒకడు ఉన్నాడు. అంబదాస్ వాడి చుట్టూ తిరిగి తిరిగి అలిసిపోయాడు. మహమూద్ హోటల్ వదిలేసి వచ్చాడు. బెంచీ మీద నిలబడి, అరే, గీ పొట్టోణ్ణి తీసేద్దామంటిరి గదరా అని హోటల్ బ్యాచ్‌ను తిట్టాడు. నేను విన్నాను. ఈ చెవులతో విన్నాను.

చివరికి బోర్డు మీద మాది ఒకటి ఎక్కువ ఉంది. టైము అయిపోతోందని సరోజన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. బంతి ఎల్లేశం చేతిలో ఉంది. బుట్టలో వేయనక్కర్లేదట. వాడు బంతి పట్టుకుని నిలబడితే చాలట. నిలబడితే దీపాల రూము.

అప్పుడు కూత వేసింది.

వేళ కాదు. రెండో షిఫ్టువాళ్ళు బాయిలోకి దిగి ఎంతో సేపు కాలేదు. సమ్మవ్వ కొడుకు కిందే ఉన్నాడు. సమ్మవ్వ అరవలేదు, లేచింది, పోయింది. అందరూ లేచారు. బెంచీలు తిరగబడ్డాయి. మొండయ్య, పోశం, హనుమండ్లు, వెంకటి చెడ్డీల మీదే బాయి వైపు ఉరికారు.

నేనూ ఉరికాను. రాయడానికి సిగ్గుగా ఉంది. నా కొడుకు నా కళ్ళ ముందే ఉన్నాడు. పైన, ఎండలో, చేతిలో బంతితో. అయినా నేను వాణ్ణి వెతుక్కుంటూ బాయికి ఉరికాను.

మైదానం దాటాక రాళ్ళ మీద పడ్డాను. లేచాను. మళ్ళీ ఉరికాను. బాయి మొగదల ఆడవాళ్ళంతా నిలబడ్డారు. మొహాలు చూస్తున్నాను. నల్ల మొహం ఒక్కటీ లేదు. లోపల నుంచి ఎవరూ రావడం లేదు. వెనక నుంచి ఒక చెయ్యి నా భుజం మీద పడింది. ఎల్లేశం. చెమటతో తడిసి ఉన్నాడు. వాణ్ణి చూసి, బతికి వచ్చినవా బిడ్డా అన్నాను.

బాయిలో ఏమీ కాలేదు. పెద్ద దొర కారు గేటు దాటింది. దొరకు మర్యాదగా కూత వేయమన్నారట.

13 డిసెంబర్

మేమంతా పోయాక అంబదాస్, రహమాన్ మైదానంలోనే ఉన్నారట. కొత్తవాళ్ళు. కూత అంటే వాళ్ళకు కూతే. కింద ఉన్న బంతి తీసి రహమాన్ బుట్టలో వేశాడట. తర్వాత ఆట అయిపోయిందని సీటీ కొట్టారట. బోర్డు మీద వాళ్ళది ఒకటి ఎక్కువైంది. పెద్ద దొర వచ్చి చప్పట్లు కొట్టాడట. నిర్మల్ పళ్ళెం బాగుందన్నాడట.

15 డిసెంబర్

దీపాల రూము అంబదాస్‌కు ఇచ్చారు. మనవాళ్ళు పోయి వెల్ఫేర్ సారును అడిగారు. కూత సంగతి ముందే బోర్డుకు కాగితం అంటించినం గదా అన్నాడట. కాగితం ఇంగ్లీషులో ఉంది. పెద్దల బడిలో మాకు ఇంకా తెలుగే పూర్తి కాలేదు.

మొండయ్య గట్టిగా మాట్లాడబోయాడట. ఆట మధ్యలకెళ్ళి పోయిందెవలు, మేమా, మీరా అన్నాడట సారు. ఎల్లేశం వాణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడట.

హోటల్లో కొత్త వాదం. ఓడిపోతమని ఎరుకై ఉరికిన్రు, కూత ఒక సాకు అంటున్నారట. అన్నవాళ్ళు కూడా ఆ రోజు ఉరికినవాళ్ళే.

16 డిసెంబర్

ఎల్లేశం మోకాలికి గుడ్డ చుట్టుకుని మొదటి షిఫ్టుకు పోయాడు. గుడ్డ నన్ను చుట్టనివ్వలేదు. వాడే చుట్టుకున్నాడు.

20 డిసెంబర్, ఆదివారం

రహమాన్ వచ్చాడు. పొడుగు మనిషి మా గుమ్మంలో వంగి నిలబడ్డాడు. ఎల్లేశం ఇంట్లో లేడు. లోపలికి రమ్మనలేదు. రమ్మనకపోయినా వచ్చి కింద కూర్చున్నాడు.

అమ్మా, మాఫ్ చేయుండ్రి అన్నాడు. సీటీ కొట్టేదాంక ఆట నడుస్తదని మాకు నేర్పిన్రు, చిన్నప్పటి సంది గదే అలవాటు, బంతి కనబడితే చేతులు ఊకోవు, గందుకే ఏసిన అన్నాడు. నీ చేతులకు అది అలవాటు, మా కాళ్ళకు ఇది అలవాటు అన్నాను. తల వంచుకున్నాడు. ఎవరి పిల్లగాడో. తిట్టబుద్ధి కాలేదు. తిట్టకపోయేసరికి కడుపు చల్లారలేదు.

అతను అంతటితో పోతే బాగుండు. ఎల్లేశం భాయ్ అందరి లెక్క ఉరకలే అమ్మా అన్నాడు. కారు గేట్లకు వచ్చుడు ఆయన చూసిండు, ఆగుండ్రి, కారొచ్చింది గంతే అని దోస్తులకు మొత్తుకున్నడు, ఎవరు ఆగలే, ఆయన మటుకు బంతి పట్టుకొని నిలబడ్డడు అన్నాడు.

సరోజన లోపల నుంచి వచ్చి, భయ్యా, చాయ్ తాగుతవా అంది. గబగబా అంది. ఆమెకు తెలుసు. ఆ రోజు నుంచీ తెలుసు.

మరి బంతి ఎందుకు కింద పెట్టాడు అని అడిగాను. రహమాన్ సరోజన వైపు చూశాడు. అప్పుడు అర్థమైంది. అయినా చెప్పమన్నాను. మీరు ఉరుకుతుండిరి, రాళ్ళ మీద పడితిరి, ఆయన చూసిండు అన్నాడు. విసిరేయలే, మెల్లగ కింద పెట్టిండు, పెట్టి మీ ఎనుక వచ్చిండు అన్నాడు.

చాయ్ చల్లారింది. తాగకుండానే పోయాడు.

21 డిసెంబర్

ఎల్లేశాన్ని తిట్టాను. ముప్పై నాలుగేళ్ళ కొడుకును, కోడలి ముందు తిట్టాను. నేను ఉరికితే ఏమైతది, ఎన్నిసార్లు ఉరకలేదు, బాయి కాడ నిలబడి నేనే తిరిగొస్తును, నిలబడుడు నాకు కొత్తనా, నువ్వు ఊకె నిలబడితే అయిపోతుండె గదరా అన్నాను.

వాడు తలకు నూనె రాసుకుంటున్నాడు. పడ్డవు గదా అవ్వా అన్నాడు.



27 డిసెంబర్

మహమూద్ పాలు ఇంటికే పంపాడు. హోటల్ ముందు నుంచి పోలేకపోతున్నానని ఎవరు చెప్పారో. సమ్మవ్వే చెప్పి ఉంటుంది.

సమ్మవ్వ ఇంకో మాట కూడా తెచ్చింది. మహమూద్ అందరి ముందూ రహమాన్‌ను నిలబెట్టి అడిగాడట, నువ్వే చెప్పు, గప్పుడు ఎల్లేశం జాగల నువ్వుంటే మూడు కప్పులు తెస్తుంటివా అని. రహమాన్ చాయ్ అంతా తాగి గ్లాసు కింద పెట్టాడట. కప్పులు తెద్దునేమో గని, బంతి అట్ల కింద పెట్టుడు నాతోని కాదు అన్నాడట. ఎల్లేశం పేరు పెద్దగైందే అక్కా అని సమ్మవ్వ సంబరపడింది.

మెప్పును కుండలో వేసి పొయ్యి మీద పెడితే ఉడకదు. మెప్పు కింద నిలబడితే బండ ఆగదు.

3 జనవరి 1965

రాజన్నకు మొక్కిన కోడెల సంగతి ఏం చేయాలో తెలియదు. మోకాలికి ఒకటి, దీపాల రూముకు ఒకటి అని మొక్కాను. రెండూ కాలేదు. కోరింది కాకపోయినా మొక్కు కట్టాలా వద్దా అని సరోజనను అడిగాను. కొడుకు కండ్ల ముందట ఉండాలని మొక్కి ఉంటే తీరుతుండె గదా అత్తా అంది.

కోపంతో అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

9 జనవరి

పొద్దున షిఫ్టుకు పోతూ ఎల్లేశం దీపాల రూము కిటికీ దగ్గర నిలబడితే, లోపల నుంచి అంబదాస్ టోపీ దీపం ఇస్తాడు. రోజూ. మొండయ్య చెప్పాడు, అంబదాస్ తలెత్తి చూడడట. మంచి బ్యాటరీ ఉన్న దీపం ఏరి పక్కన పెట్టి ఉంచుతాడట మా వాడి కోసం.

ఏం చేసుకోను ఆ వెలుగును.

18 జనవరి

వేళకే కూసింది. అయినా లేచి నిలబడ్డాను. సరోజన చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

2 ఫిబ్రవరి

హోటల్లో ఇప్పుడు ఎల్లేశాన్ని తీసేయడం లేదట. నన్ను తీసేసి ఆడిస్తున్నారట. ముసలవ్వ ఆ రోజు రాకపోతే ఎట్లుండేది అని.

గెలుస్తున్నారట. ప్రతిసారీ.